ఏడు ముక్కల ఆట

తెలుగునాట పాత దేవాలయాలకు వెళ్ళినవారు దర్శనం ముగించుకొని మండపంలో కాసేపు కూర్చోవడం ఆచారం. అలా కూర్చున్నప్పుడు కింది రాతిపలకల వంక పరకాయించి చూస్తే, అక్కడక్కడ ఉలితో గీచిన త్రిభుజాలు, చతురస్రంలో చతురస్రాలు కనిపిస్తాయి. త్రిభుజం పులిజూదానిది, చతురస్రాలు దాడి ఆటవి. ఏ కాలంలో, ఎవరు, ఏ ఉత్సవాల నడుమ దొరికిన తీరికలో గీచారో చెప్పగలవారు లేరు. మండపం కట్టించిన ప్రభువు పేరు శాసనంలో ఉండవచ్చు. ఆట కనిపెట్టినవాని పేరు మాత్రం ఏ శాసనానికీ ఎక్కలేదు. ఆ ఆటకు కావలసినవల్లా నాలుగు గీతలు, పిడికెడు గులకరాళ్ళు, పక్కన కూర్చున్నవానికి రెండు మాటల్లో చెప్పగల నియమం. వామనగుంటలైనా అంతే, అచ్చనగాయలైనా అంతే.

కంప్యూటరు మీద ఆడే ఆటలలోనూ ఈ జాతివి కొన్ని ఉన్నవి. ఇంగ్లీషువారు వీటిని 'క్యాజువల్ గేమ్స్' అంటారు. మనం కాలక్షేపపు ఆటలనుకోవచ్చు. వందలాది పనివారు ఏళ్ళ తరబడి శ్రమించి, కోట్లు ఖర్చుచేసి నిర్మించే యుద్ధపు ఆటల వంటివి కావివి. ఒక్కరో ఇద్దరో కూర్చొని చేయగలిగినవి, నిమిషంలో నేర్చుకోదగినవి, ఎప్పుడు కావలిస్తే అప్పుడు విడిచి లేవదగినవి. మండపం ఆటలకూ వీటికీ భేదమొక్కటే: వీటిని చేసినవారి పేర్లు మనకు తెలుసు, ఏ ఏట పుట్టినవో, ఏ దారిన లోకంలోకి నడిచినవో తెలుసు. ఫలం ఎవరికి దక్కిందో కూడా తెలుసు. మనస్సుకు కొంచెం కష్టం కలిగించే భాగం అదే.

1984వ సంవత్సరం జూన్ నెల. మాస్కో నగరంలో సోవియట్ విజ్ఞానశాస్త్ర అకాడమీవారి గణనకేంద్రంలో అలెక్సీ పజిత్నోవ్ అనే 29 ఏళ్ళ పరిశోధకుడు పనిచేస్తూ ఉండేవారు. మనిషి పలికిన మాటను యంత్రం గుర్తుపట్టేటట్లు చేయడం ఆయన పరిశోధనలలో ఒకటి. కొత్త యంత్రం చేతికి వచ్చినప్పుడు దాని శక్తిని పరీక్షించే నెపంతో చిన్న చిన్న ఆటలు రాసుకోవడం ఆయనకు అలవాటు. నెపమని ఆయనకూ తెలుసు, పక్కవారికీ తెలుసు.

పజిత్నోవ్‌కు 'పెంటామినో' అనే చెక్కముక్కల ఆట అంటే ఎంతో మక్కువ. సమానమైన అయిదు గడులను అంచుకు అంచు చేర్చి అతికితే పన్నెండు వేరువేరు ఆకారాలు వస్తాయి. ఆ పన్నెండింటినీ పెట్టెలో నుంచి కుమ్మరించడం సులభం. తిరిగి పెట్టెలో ఇమిడేటట్లు పేర్చడమే గండం. ఈ ఆటను యంత్రం మీదికి ఎక్కించాలని ఆయన సంకల్పం. అయితే పన్నెండు ఆకారాలను ఏకకాలంలో గుర్తుంచుకొని, వెంటవెంటనే తిప్పి, అమర్చడం మనిషి మనస్సుకు భారమని తోచింది. ఒక గడి తగ్గించారు. నాలుగేసి గడులతో చేస్తే, ముక్కను బోర్లా తిరగవేయనంతవరకు, వచ్చేవి ఏడే ఆకారాలు. ఏడింటిని ఎవరైనా గుర్తుంచుకోగలరు. ఆటలు చేయడమంటే కొత్తవి చేర్చుకుంటూ పోవడమని చాలామంది భావిస్తారు కాని, మంచి చిన్న ఆటలన్నీ ఇలా తీసివేతలోనే తేలినవి.

ఆయన ముందున్న 'ఎలెక్ట్రానికా-60' యంత్రానికి బొమ్మలు గీయడం చేతకాదు. తెర మీద అక్షరాలు, గుర్తులు మాత్రమే కనిపిస్తాయి. అందుచేత పక్కపక్కన రెండు కుండలీకరణ చిహ్నాలు పెట్టి, అదే ఒక గడి అనిపించారు. ముక్కలు పైనుంచి ఒక్కటొక్కటిగా దిగుతూ ఉంటాయి. అడుగుకు చేరేలోపల ఆడేవారు వాటిని తిప్పి, జరిపి, సందులలో ఇమడ్చాలి. ఇంతవరకు బాగానే ఉన్నది. కాని ఆడిచూస్తే కొద్ది క్షణాలలోనే తెర నిండిపోయి ఆట ముగిసిపోయేది.

అక్కడ ఆయనకు తట్టిన ఉపాయమే ఆటకు ప్రాణం పోసింది. అడ్డవరుస ఒకటి సందులేకుండా పూర్తిగా నిండిన తరువాత దానితో ఇక పనేమున్నది? చోటు ఆక్రమించుకోవడం తప్ప. కనుక నిండిన వరుసను మాయం చేసి, పైనున్నవాటిని కిందికి దింపివేశారు. ఈ ఒక్క మార్పుతో క్షణాల ఆట గంటల ఆట అయింది. దీనిలో చిత్రమేమిటంటే, ఆడేవాడు సవ్యంగా చేసిన పని కంటికి కనబడకుండా పోతుంది. చేసిన పొరపాట్లు మాత్రం కుప్పగా ఎదుట నిలుస్తాయి. బడిపంతుళ్ళకు ఈ అనుభవం కొత్తదేమీ కాదు.

గణితోపాధ్యాయులకు ఈ సందర్భంలో ఒక సరదా లెక్క ఉన్నది. గళ్ళ కాగితం మీద ఈ ఏడు ముక్కలనూ కత్తిరించమని పిల్లలకు చెప్పవచ్చు. మొత్తం 28 గడులు. వాటిని నాలుగు వరుసలు, ఏడు నిలువులు గల దీర్ఘచతురస్రంగా పేర్చమంటే పిల్లలు ఉత్సాహంగా మొదలుపెడతారు; ఎంతసేపటికీ కుదరదు. కారణం తెలియాలంటే ఆ దీర్ఘచతురస్రానికి చదరంగపు బల్లవలె నలుపు తెలుపు రంగులు వేసి చూడాలి. నల్లవి 14, తెల్లవి 14. ఆరు ముక్కలు ఎక్కడ పెట్టినా రెండు నల్లగడులను, రెండు తెల్లగడులను కప్పుతాయి. ఇంగ్లీషు 'టీ' అక్షరం ఆకారంలో ఉన్న ఏడవ ముక్క మాత్రం ఒక రంగువి మూడు, రెండవ రంగుది ఒకటి కప్పుతుంది. ఆ ఒక్కదానివల్ల లెక్క ఎన్నటికీ సరిపోదు. కత్తెర, కాగితం ఉంటే చాలు. ఈ పాఠానికి కంప్యూటరు అవసరమే లేదు.

గ్రీకు భాషలో నాలుగు అనే అర్థమిచ్చే 'టెట్రా' శబ్దాన్ని, తనకు ఇష్టమైన టెన్నిస్ క్రీడ పేరుతో సంధించి పజిత్నోవ్ ఈ ఆటకు 'టెట్రిస్' అని పేరుపెట్టారు. వైయాకరణులు అంగీకరించే సంధి కాదు కాని, పేరు నిలిచింది.

ఇక ఆట తన జనాన్ని ఎలా వెదుక్కుందో చూడాలి. ఎలెక్ట్రానికా యంత్రం మీదే ఉండిపోతే అది గణనకేంద్రం గోడలు దాటేది కాదు. అక్కడికి వచ్చిపోతూ ఉండే వదీమ్ గెరాసిమోవ్ అనే 16 ఏళ్ళ విద్యార్థి, సహోద్యోగి ద్మీత్రి పావ్లోవ్‌స్కీ, పజిత్నోవ్‌తో కలిసి దానిని ఐ.బి.ఎం. తరహా కంప్యూటరుకు అనువుగా మార్చి, రంగులు అద్దారు. ఆ తరువాత ఎవరూ ఏమీ చేయనక్కరలేకపోయింది. పలుచని ఫ్లాపీ పళ్ళెరం మీద ఒకరి నుంచి ఒకరు నకలు తీసుకున్నారు. మాస్కోలో ఆ తరహా కంప్యూటరు ఉన్న చోటికల్లా ఆట పాకింది. ప్రకటన లేదు, దుకాణం లేదు, వెల లేదు. మన పల్లెలలో పాట ఒక ఊరినుంచి ఒక ఊరికి కోడళ్ళ వెంట పోయినట్లు పోయింది.

వెల లేకపోవడానికి వేరొక కారణం కూడా ఉన్నది. ఆనాటి సోవియట్ దేశంలో ప్రభుత్వ సంస్థ ఉద్యోగి ప్రభుత్వ యంత్రం మీద చేసినది ఆయన సొత్తు కాదు. సొంతంగా అమ్ముకోవడమన్న ఊహకే తావు లేదు. పజిత్నోవ్ తన హక్కులను పదేళ్ళపాటు ప్రభుత్వపక్షానికి వదిలివేశారు.

1986లో ఫ్లాపీ ఒకటి హంగేరీ రాజధాని బుడాపెస్టుకు చేరింది. అక్కడ దానిని చూచిన లండన్ వర్తకుడు రాబర్ట్ స్టెయిన్ మాస్కోకు టెలెక్స్ పంపారు. సరేనన్న ధోరణిలో వచ్చిన జవాబునే ఒప్పందంగా భావించి, సంతకాలు పడకముందే ఇంగ్లండులోనూ అమెరికాలోనూ హక్కులు అమ్మివేశారు. 1988లో అమెరికాలో ఆట ఎర్రని పెట్టెలో, మాస్కో ప్రార్థనామందిరపు గోపురాల బొమ్మతో అంగళ్ళకెక్కింది. సోవియట్ దేశపు సాఫ్ట్‌వేరును విదేశాలకు అమ్మే అధికారం ఉన్న 'ఎలోర్గ్' అనే ప్రభుత్వ సంస్థతో అప్పటికి పక్కా పత్రమంటూ ఏదీ కుదరనే లేదు.

1989 ఫిబ్రవరిలో జరిగినది నాటకంలో రంగంలా ఉంటుంది. హాలెండులో పుట్టి జపానులో వ్యాపారం చేస్తున్న హెంక్ రోజర్స్ అనే ఆయన యాత్రికుల వీసా మీద, ఏ ఆహ్వానమూ లేకుండా, ఎలోర్గ్ కార్యాలయానికి వెళ్ళారు. అదే వారంలో స్టెయిన్ కూడా అక్కడే ఉన్నారు. లండన్ పత్రికాధిపతి రాబర్ట్ మాక్స్‌వెల్ కుమారుడు కెవిన్ కూడా అక్కడే ఉన్నారు. అధికారి నికొలాయ్ బెలికోవ్ ముగ్గురితోనూ విడివిడిగా మాట్లాడుతున్నారు. జపానులో అమ్ముడవుతున్న టెట్రిస్‌ను రోజర్స్ గర్వంగా చూపించగా, ఆ హక్కులు మేమెవరికీ ఇవ్వలేదే అని బెలికోవ్ ఆశ్చర్యపోయారు. రోజర్స్ బుకాయించలేదు, అప్పటివరకు ఇవ్వవలసిన పైకం ఇస్తానన్నారు. ఆ నిజాయితీ పనిచేసింది. చేతిలో పట్టుకొని ఆడే యంత్రానికి కావలసిన హక్కు ఆయన ద్వారా జపానుకు చెందిన నింటెండో కంపెనీకి వచ్చింది.

ఆ యంత్రం పేరు 'గేమ్ బాయ్'. 1989లోనే విడుదలైంది. దానితోపాటు ఏ ఆటను జతచేసి అమ్మాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, మగపిల్లలు మాత్రమే కొంటే చాలుననుకుంటే మీ 'మారియో'ను జతచేయండి, అందరూ కొనాలనుకుంటే టెట్రిస్‌ను జతచేయండి అని రోజర్స్ సలహా ఇచ్చారు. అమెరికాలో టెట్రిస్‌నే జతచేశారు. గేమ్ బాయ్ మీది టెట్రిస్ ప్రతులు సుమారు 3.5 కోట్లు పోయినవి. ఇన్ని కోట్ల చేతులలోకి వెళ్ళిన ఆటకు కర్త అయిన పజిత్నోవ్‌కు దానిమీద రాయల్టీ రావడం 1996లో, గడువు తీరి, రోజర్స్‌తో కలిసి ఆయన టెట్రిస్ కంపెనీ స్థాపించిన తరువాతనే ఆరంభమయింది. పన్నెండేళ్ళ కాలం! అప్పటికి ఆయన అమెరికాలో స్థిరపడి అయిదేళ్ళయింది. తనకు అన్యాయం జరిగిందని ఆయన వాపోయినట్లు కనబడదు. కాని వాపోకపోవడం ఆయన స్వభావం. దానివల్ల లెక్క సరిపోయిందనుకోరాదు.

ఒకరి చేతిలో అప్పటికే ఉన్న వస్తువునెక్కి ప్రయాణించడం చిన్న ఆటలకు రాజమార్గమని వర్తకులు దీనితో గ్రహించారు. 1990లో మైక్రోసాఫ్ట్ కంపెనీ 'విండోస్ 3.0'తో పాటు ఉచితంగా ఇచ్చిన పేకాట 'సాలిటేర్' మరొక ఉదాహరణ. దానిని రాసిన వెస్ చెర్రీ అప్పటికి ఆ కంపెనీలో తాత్కాలికంగా శిక్షణ పొందుతున్న విద్యార్థి. ముక్కల బొమ్మలు సూజన్ కేర్ అనే చిత్రకారిణి తీర్చారు. చెర్రీకి రాయల్టీగా ఏమీ ముట్టలేదు. పై అధికారి వచ్చేటప్పుడు నొక్కితే తెర మీద లెక్కల పట్టిక ప్రత్యక్షమయ్యేటట్లు ఒక మీటను కూడా ఆయన అమర్చారట. కంపెనీవారు దానిని తీయించివేశారు. మౌసు పట్టుకొని ఒక వస్తువును లాగి మరొక చోట వదలడం కొత్తవారికి అలవాటు చేయడానికి ఈ ఆట ఎంతో తోడ్పడింది. మన కార్యాలయాలలోకి కంప్యూటర్లు ప్రవేశించిన రోజులలో, తలుపు చప్పుడయ్యేసరికి తెర మీది పేకముక్కలు మాయమవడం ఎరగని గుమాస్తా అరుదు. చెర్రీగారి మీట ఉండి ఉంటే ఎంత మేలయ్యేది!

ఫిన్లండు దేశపు నోకియా టెలిఫోనుతో వచ్చిన పాము ఆట సంగతీ ఇంతే. 1976లోనే నాణెం వేసి ఆడే యంత్రాలలో పుట్టిన ఊహను తానెలి అర్మాంతో అనే ఉద్యోగి 1997లో 6110 అనే ఫోనులోకి దింపారు. 2003లో వచ్చిన 1100 అనే చవుక ఫోను ద్వారా దాని రెండవ రూపం తెలుగు పల్లెలదాకా వచ్చింది. బస్సుకోసం చెట్టుకింద నిలబడ్డవారు అంకెల మీటలతో పామును నడిపిన కాలం అది. ఇంగ్లీషు అక్షరం రానివారు కూడా ఆడారు, నేర్పినవారు లేరు.

2000లో అమెరికాలోని సియాటిల్‌లో ముగ్గురు మిత్రులు స్థాపించిన 'పాప్‌క్యాప్' కంపెనీ, ఒకే రంగు రత్నాలు మూడింటిని వరుసగా చేరిస్తే మాయమయ్యే 'బిజ్యువెల్డ్' ఆటతో ప్రసిద్ధి కెక్కింది. ఇంటర్నెట్టులో ఊరకనే ఆడుకొనే వీలుండేది. ఇంటి కంప్యూటరులో ఉంచుకొని పూర్తిగా ఆడాలంటే సుమారు 20 డాలర్లు చెల్లించవలసి ఉండేది. ఆడేవారెవరని విచారిస్తే నడివయసు స్త్రీలే ఎక్కువగా తేలారు. కంప్యూటరు ఆటలు కుర్రవాళ్ళ వ్యవహారమనుకున్న వ్యాపారలోకానికి ఇది కనువిప్పు. అయినా ఇందులో అబ్బురమేమున్నది? వామనగుంటలు ఆడినది ఎవరు? వైకుంఠపాళి పటం పరచి మధ్యాహ్నాలు గడిపినది ఎవరు?

ఆ మూడు రత్నాల ఊహనే 2012లో 'కింగ్' కంపెనీవారు మిఠాయిల రూపంలోకి మార్చి 'క్యాండీ క్రష్ సాగా'గా విడుదల చేశారు. ముందు ఫేస్‌బుక్ మీద, ఆ ఏడాది చివర టెలిఫోన్ల మీద. ఇక్కడ వెల పద్ధతి పూర్తిగా మారిపోయింది. ఆట ఉచితం. ఆడేవారికి అయిదు ప్రాణాలిస్తారు. ఓడినప్పుడల్లా ఒకటి పోతుంది. పోయిన ప్రాణం తిరిగి రావడానికి అరగంట వేచివుండాలి; లేదా స్నేహితులను యాచించాలి; లేదా డబ్బు చెల్లించాలి. ఇది చాలా తెలివైన ఏర్పాటు. తెలివిని మెచ్చుకోవచ్చు, ఏర్పాటును మెచ్చుకోవడం కష్టం. పజిత్నోవ్ నియమాలు ముక్కలను గురించినవి. ఈ నియమాలు ఆడేవాని సహనాన్ని గురించినవి. సరిగ్గా గెలవబోయే సమయంలో వాకిలి మూసి, వాకిట్లో హుండీ పెట్టినట్లున్నది.

ఇటువంటి ఉచితపు ఆటల నడుమ వియత్నాంలో జరిగిన ఒక విచిత్రం మరువదగినది కాదు. హనోయ్ నగరానికి చెందిన డాంగ్ న్వెన్ అనే యువకుడు కొద్దిరోజుల సాయంకాలాలలో ఒక చిన్న ఆట రాసి 2013 మే నెలలో విడుదల చేశారు. పేరు 'ఫ్లాపీ బర్డ్'. తెర మీద వేలితో తట్టితే పక్షి కాస్త ఎగురుతుంది, తట్టకపోతే పడిపోతుంది. గొట్టాల సందులలో నుంచి దానిని దాటించాలి. నెలల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. 2014 జనవరిలో హఠాత్తుగా లోకమంతా దానిమీద పడింది. ప్రకటనల ద్వారా రోజుకు 50,000 డాలర్ల వరకు వస్తున్నట్లు పత్రికలు రాసినవి. ఫిబ్రవరిలో న్వెన్ ఒక ప్రకటన చేసి, మరునాటికల్లా ఆటను అంగడిలో నుంచి తీసివేశారు. తీరికగా ఉన్నప్పుడు కొద్దినిమిషాలు ఆడుకోవడానికి తాను దానిని చేస్తే, అది వ్యసనంగా మారిందని ఆయన ఆవేదన. అందరూ ఆయనను వెర్రివానిగా చూశారు. కాని కాచిన చెట్టును తానే కొట్టివేసుకున్న ఆ మనిషి చెప్పిన మాట మిఠాయిల కంపెనీవారు చెప్పలేని మాట.

ఆగడం ఎలాగన్న ప్రశ్నకు మరొక జవాబు న్యూయార్కులో వచ్చింది. జాష్ వార్డల్ అనే ఇంజనీరు, మాటల ఆటలంటే ఇష్టపడే తన సహచరి పాలక్ షా కోసం ఒక ఆట చేశారు. అయిదక్షరాల ఇంగ్లీషు మాటను ఆరు ప్రయత్నాలలో కనుక్కోవాలి. అక్షరం సరిగ్గా తన చోటనే ఉంటే ఆకుపచ్చ, చోటు తప్పితే పసుపు, లేనేలేకపోతే బూడిదరంగు. ఇంగ్లీషులో అయిదక్షరాల మాటలు సుమారు 12,000 ఉన్నవి. వాటిలో ఎవరికీ తెలియనివే ఎక్కువ. పాలక్ షా వాటన్నిటినీ చూచి, తనకు తెలిసినవి ఏరి, సుమారు 2,500కు కుదించారు. ఇక్కడా తీసివేతే. వార్డల్ తన ఇంటిపేరును కొంచెం మార్చి ఆటకు 'వర్డిల్' అని పేరుపెట్టి, 2021 అక్టోబరులో అందరికీ తెరిచారు. రోజుకు ఒక్కటే మాట. అందరికీ అదే మాట. అప్పట్లో ప్రకటనలు లేవు, ప్రాణాలు కొనుక్కోవడం లేదు. నవంబరు 1న ఆడినవారు 90 మంది. జవాబు బయటపెట్టకుండా రంగుగడులను మాత్రమే మిత్రులకు పంపుకొనే వీలును డిసెంబరులో కల్పించారు. ఆ ఊహ ఆడేవారిదే. అంతకుముందే కొందరు ఆ గడులను చేత్తో కూర్చి పంపుకొనేవారు. జనవరి 2 నాటికి ఆడేవారు 3,00,000. మరి కొద్ది రోజులకు 20 లక్షలు. ఆ నెలాఖరున 'న్యూయార్క్ టైమ్స్' పత్రిక పది లక్షల డాలర్లకు పైబడిన వెలకు దానిని కొన్నది. ఈసారి ఫలం కర్తకే దక్కింది.

భాషోపాధ్యాయులు ఈ ఆట దగ్గర క్షణమాగి ఆలోచించవచ్చు. తెలుగులో దీనిని ఆడించదలచినవానికి ఎదురయ్యే మొదటి చిక్కు, అక్షరమంటే ఏమిటని. ఇంగ్లీషుకు 26 గడులు చాలు. మనకు గుణింతాలు, ఒత్తులు కలిసి వందలాది రూపాలేర్పడతాయి. 'స్త్రీ' అన్నది ఒక అక్షరమా? గడిలో ఒకటే. విడదీస్తే మూడు హల్లులు, ఒక అచ్చు. ఆడేవాడు 'తి' అని పెట్టినప్పుడు జవాబులో 'తీ' ఉంటే పసుపు చూపాలా, బూడిద చూపాలా? దీనికి యంత్రం జవాబు చెప్పదు. తెలుగు తెలిసినవారే నిర్ణయించాలి. ఎనిమిదో తరగతి పిల్లలను రెండు పక్షాలుగా చేసి నల్లబల్ల మీద ఆడిస్తే, వర్ణానికీ అక్షరానికీ భేదం ఒక్క గంటలో బోధపడుతుంది.

వర్డిల్ ఆనాటి మాట తేలగానే ముగిసి, మరునాడు రమ్మంటుంది. టెట్రిస్‌కు అటువంటి మర్యాద లేదు. ఎంత బాగా ఆడినా గెలుపన్నది లేదు, ఓడేవరకు ఆడటమే. ముక్కలు వేగం పుంజుకుంటూనే ఉంటాయి. నింటెండోవారు 1989లో ఇంటి యంత్రానికి విడుదల చేసిన ప్రతిలో 29వ మెట్టు దాటడం మనిషి వేళ్ళకు అసాధ్యమని చిరకాలం నమ్మారు. 2023 డిసెంబరు 21న అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో 13 ఏళ్ళ బాలుడొకడు 38 నిమిషాలు ఆగకుండా ఆడి 157వ మెట్టుకు చేరాడు. అక్కడ యంత్రమే లెక్కలు తప్పి, ముక్క గాలిలో ఉండగానే కొయ్యబారిపోయింది. ఆట పుట్టి అప్పటికి 39 ఏళ్ళు. అంతకుముందు దానిని అంతవరకు నడిపించి ఆపిన మనిషి మరొకడు లేడు. పిల్లవాడు కుర్చీలో వెనక్కు వాలి, తన వేళ్ళకు స్పర్శ తెలియడం లేదన్నాడు.